విరాటుని కొలువు

మా అల్వాలు పఠనమందిరమున సాయంకాలము పత్రికలు విప్పి కూర్చుండు పెద్దల నడుమ ఒక సంభాషణము తఱచుగా వినవచ్చుచుండును. ఎచ్చటనో యొక స్త్రీపై ఘోరమైన అత్యాచారము జరిగినదను వార్త వచ్చును. ఒకరు కన్నులెఱ్ఱజేసి, "వాడు మనుష్యుడా? మృగము! విచారణ యేల? కాల్చివేయవలెను" అందురు. వేఱొకరు కండ్లజోడు సవరించుకొని, "త్రాగియుండెనేమో, మతి చలించెనేమో, అయినను అంత రాత్రివేళ ఆమె కచ్చట నేమి పని?" అందురు. ఈ యిరువురును తాము పరస్పర విరోధులమని తలంతురు. మేమట్లు తలంపము. ఈ రెండు వాదములును ఒక్కతల్లి బిడ్డలే. మొదటివారు అపరాధిని మృగమని మనుష్యకోటినుండి వెలివేసిరి. రెండవవారు రోగియని వెలివేసిరి. వాడు మన వీథులలో బుట్టి, మన యిండ్లలో బెరిగి, మన మాటలు వినియే యింతవాడైనాడను సత్యమును ఉభయులును తప్పించుకొనిరి. ఈ తప్పించుకొనుటకే నేడు కొందఱు మనస్తత్త్వ శాస్త్రమని పేరు పెట్టుచున్నారు. ఇదియే యొక్కొక్కప్పుడు న్యాయస్థానముల తీర్పులలో గూడ దలయెత్తినది. దీనిని ఖండింపక యూరకుండుట మాకు ధర్మముగా దోపలేదు.

మన యింటింట దెలిసిన కథ యొకటి కలదు. కీచకుని జంపిన భీముని మనము మెచ్చుకొందుము. పిల్లలకు కథగా జెప్పుదుము. కాని యంతకు ముందొక ఘట్టమున్నది, దానిని మఱచితిమి. ఆపద మూడినప్పుడు ద్రౌపది పరుగెత్తినది రాజసభకు. కొలువుదీరిన రాజు చూచుచుండగనే, సభాసదుల యెదుటనే, కీచకు డామెను దన్నెను. విరాటుడు తన బావమఱదిని దండింపడాయెను. ఆ పిమ్మటనే గదా ఆమె రాత్రివేళ భీముని యొద్దకు బోయినది! అనగా నర్తనశాలలోని రహస్యవధకు మూలము రాజసభ యొక్క చేతగానితనము. మఱియు, కీచకుడు చచ్చినంత మాత్రమున ఆమె కష్టము దీరెనా? ఉపకీచకులు నూటయైదుగురు ఆమెను శవముతో గూడ కాల్చుటకు శ్మశానమునకు గొనిపోయిరి; రాజు దానికిని సమ్మతించెను. ఒక్క కీచకుని వధతో ఆగని వ్యాధి యిది. వ్యాధి యున్నది కొలువులో.

ఇక శాస్త్రము మాటకు వత్తము. "పుట్టుకతోనే నేరస్థుడు" అను సిద్ధాంతమును 1876లో ఇటలీ దేశపు వైద్యుడు చేజరే లొంబ్రోసో గ్రంథరూపమున బ్రకటించెను. నొసటి వంపును, దవడ యెముకను, చెవి యాకారమును జూచి నేరస్థుని గుర్తింపవచ్చునని యాతడు వాదించెను. 1913లో ఇంగ్లండున చార్లెస్ గోరింగ్ అను వైద్యుడు సుమారు మూడువేలమంది ఖైదీలను గొలతలు దీసి, అట్టి ప్రత్యేకాకారము గల నేరస్థజాతి యేదియు లేదని నిరూపించెను. శాస్త్రమున ఆ సిద్ధాంత మంతటితో జచ్చినది. కాని మన గడ్డపై అట్టి యూహయే చట్టమై కూర్చుండెను. 1871లో పరప్రభుత్వము "నేరస్థ జాతుల" చట్టమును జేసి, 1911 నాటి చట్టముతో చెన్నపురి రాజధానికిని వ్యాపింపజేసినది. బాపట్ల చెంతనున్న స్టూవర్టుపురమున ఎఱుకలవారిని కుటుంబములతో సహా నిర్బంధ నివాసములలో నుంచిరి. తల్లి కడుపులోని శిశువు సైతము దొంగ యని యెంచిన ఆ శాసనము 1952 వఱకు గాని రద్దుగాలేదు. పుట్టుకతోనే మృగము, పుట్టుకతోనే దొంగ యను మాట యెంత యన్యాయము చేయగలదో ఆంధ్రదేశమునకు మఱియొకరు నేర్పవలసిన పనిలేదు. అట్టి మాటనే నేడు మన నోట మనమే పలుకుచున్నాము.

రెండవ వాదమును జూతము. నిజముగా మతి చెడినవానికి చట్టము రక్షణ నిచ్చియే యున్నది. 1843లో ఇంగ్లండున మక్నాటన్ అనువాని విచారణానంతరము ఏర్పడిన నియమమే 1860 నాటి శిక్షాస్మృతిలో 84వ సెక్షనుగా నుండెను. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 22వ సెక్షనుగా నున్నది. తాను చేయుచున్న పని యేమో, అది తప్పో కాదో యెఱుగలేని స్థితిలో నున్నవాడు శిక్షార్హుడు కాడు. ఇది న్యాయమే, నాగరకులమైన మనము దీనిని కాపాడుకొనవలయును. కాని చీకటి వేళ నెన్నుకొని, ఒంటరిగా నున్న యామెనే యెన్నుకొని, సాక్ష్యములు మాపుటకు నిప్పు పెట్టినవానికి తప్పొప్పులు దెలియవా? తెలియనివాడు దాచనేల? ఇక త్రాగుడు మాట. తనంతట దాను త్రాగినవానికి మత్తు క్షమాపణ కాదని చట్టము స్పష్టముగా జెప్పుచున్నది. మత్తులో నున్నవాడు తన పై యధికారిపై చేయి వేయడు గదా! మత్తునకు గూడ ఎవరిపై చేయివేయవచ్చునో తెలియును.

జాతీయ నేర గణాంక సంస్థ లెక్కలను విప్పి చూడుడు. బలాత్కారపు కేసులలో నూటికి తొంబదికి పైగా నిందితులు బాధితురాలు ఎఱిగినవారే: బంధువులు, ఇరుగుపొరుగువారు, స్నేహితులు, పెండ్లాడుదునని నమ్మించినవారు. స్త్రీలపై జరుగు నేరములలో ఎక్కువ సంఖ్యగలది భర్తయు, అత్తవారును చేయు క్రౌర్యము. ఏ యడవినుండియో వచ్చిన మృగ మెక్కడ? ఎఱ్ఱగడ్డ ఆసుపత్రినుండి తప్పించుకొని వచ్చిన పిచ్చివా డెక్కడ? ఇంతకన్న దారుణమైన లెక్క యొకటి కలదు. 2019-21 సంవత్సరముల జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, ఏదో యొక కారణమున భర్త భార్యను గొట్టుట తగునని చెప్పిన స్త్రీలు తెలంగాణమున నూటికి 84 మంది. ఆంధ్రప్రదేశమునను దాదాపు అంతే. కొట్టబడునామెయే కొట్టుట న్యాయమని యొప్పుకొనునట్లు ఎవరు నేర్పిరి? పుఱ్ఱె వంపు నేర్పినదా? మనమే నేర్పితిమి. నేరము గూడ నొక విద్యయే, తోడివారినుండి నేర్చుకొనబడునదే యని అమెరికా పండితుడు సదర్లండు 1939 నాటికే సిద్ధాంతీకరించెను. మా తెలుగు వాడలలో ఆ విద్యకు బడులు ప్రతి గుమ్మమునను గలవు.

నేర్చుకొన్నవాడు తన మనస్సాక్షిని ఎట్లు జోకొట్టును? ఈ ప్రశ్నకు 1957లో సైక్స్, మాట్జా అను నిరువురు అమెరికా పండితులు బాలాపరాధులను పరిశీలించి సమాధాన మిచ్చిరి. అపరాధి ధర్మము నెఱుగనివాడు కాడు. ఎఱిగియే దానిని పక్కకు నెట్టుటకు అయిదు సాకులు చెప్పుకొనును. "నా వశమున లేకపోయినది" యనుట మొదటిది. "ఎవరికి నేమి నష్టము?" అనుట రెండవది. "ఆమె దానికి దగినదే" యనుట మూడవది. "నన్ననువారు మాత్రము మంచివారా?" యనుట నాలుగవది. "మావారి కొఱకు, మా పరువు కొఱకు జేసితిని" యనుట అయిదవది. మాకు విస్మయము గొలిపిన దేమనగా, అపరాధి తన లోలోన జెప్పుకొను ఈ సాకులే నల్లకోటులు తొడిగికొని న్యాయస్థానములలో వాదములై, కొన్నిచోట్ల తీర్పులై వెలసినవి.

"ఏమి నష్టము?" అనుదానిని జూడుడు. 1972లో మహారాష్ట్రమున, మన తెలుగు సీమకు పొరుగుననున్న చంద్రాపురము జిల్లాలో, దేశాయిగంజి ఠాణాలో ఒక ఆదివాసి బాలికపై జరిగిన అత్యాచారమునకు బొంబాయి హైకోర్టు ఇద్దఱు పోలీసులను శిక్షించెను. 1978లో సుప్రీముకోర్టు వారిని విడిచిపెట్టినది. కారణము? ఆమె దేహమున గాయములు లేవట, కావున ఎదిరింపలేదట, కావున ఇష్టపడియే యుండవలెనట! రాత్రివేళ, ఠాణా తలుపులు మూసి, లాఠీ పట్టిన ప్రభుత్వమే యెదుట నిలిచినప్పుడు ఒక నిఱుపేద పిల్ల ఎట్లు పోరాడవలెనో ఆ తీర్పు చెప్పలేదు. ఉపేంద్ర బక్షి మొదలగు నలుగురు న్యాయశాస్త్రోపాధ్యాయులు 1979లో బహిరంగ లేఖ వ్రాసి దానిని ఖండించిరి; స్త్రీలు దేశమంతట లేచిరి; 1983లో చట్టము మాఱెను. మాఱినను బుద్ధి మాఱినదా? 2020లో మధ్యప్రదేశ హైకోర్టు ఒక నిందితునికి బెయిలిచ్చుచు, ఫిర్యాదు చేసిన స్త్రీ యింటికి రాఖీ పండుగనాడు మిఠాయితో బోయి ఆమెచే రాఖీ కట్టించుకొమ్మని షరతు విధించెను! 2021 మార్చి 18న సుప్రీముకోర్టు దానిని కొట్టివేసినది. చేసిన గాయమును దారముతో గట్టి కప్పివేయుట యిది కాదా?

"ఆమె దానికి దగినదే" యను సాకునకు మన రాజధానియే సాక్షి. 1978లో హైదరాబాదు నల్లకుంట ఠాణాలో ఒక పేద స్త్రీపై సామూహికముగా అత్యాచారము జరిగెను; ఆమె భర్త, రిక్షా కార్మికుడు, దెబ్బలకు మరణించెను. నగరము భగ్గుమన్నది. పోలీసుల తరపున వచ్చిన ప్రధాన వాద మేమి? ఆమె నడత మంచిది కాదని! జస్టిస్ ముక్తదర్ కమిషను పోలీసులను దోషులని తేల్చినను, విచారణ రాయచూరునకు మాఱి, 1981లో నిందితులందఱు విడుదలైరి. బాధితురాలి నడతను దవ్వి ఆమె సాక్ష్యమును తూలనాడుటకు అవకాశమిచ్చిన సాక్ష్యచట్టపు నిబంధన 2002 నాటి సవరణ వఱకు మన పుస్తకములలో నుండెను. మనస్తత్త్వమును బరీక్షింపవలసినది నిందితునిదా, బాధితురాలిదా?

"నిందించువారు మంచివారా?" యను సాకు గృహహింస కేసులలో వినిపించును. ఆడవారు చట్టమును దుర్వినియోగము చేయుచున్నారను కేక కొన్నియెడల నిజము గావచ్చును. అసత్యపు ఫిర్యాదును దండించుటకు చట్టమున్నది. కాని కొందఱు అబద్ధమాడిరని అందఱి నోళ్లను మూయుట ధర్మమా? 2017లో సుప్రీముకోర్టు ప్రతి ఫిర్యాదును ముందుగా కుటుంబ సంక్షేమ సంఘములు పరిశీలింపవలెనని యాదేశించెను. 2018 సెప్టెంబరులో ఆ న్యాయస్థానమే అట్టి సంఘములను త్రోసివేసినది. దొంగతనపు ఫిర్యాదునకు లేని జల్లెడ దెబ్బతిన్న భార్యకు మాత్రమేల? ఇక "మా పరువు కొఱకు" అను సాకు మిర్యాలగూడలో నెత్తురు చిందించెను. 2018 సెప్టెంబరు 14న, గర్భవతియైన భార్య కన్నులయెదుటనే, ఆమె భర్తను దళితుడైన నేరమునకు నఱకి చంపించిరి. 2025 మార్చి 10న నల్లగొండ న్యాయస్థానము ఒకనికి మరణశిక్షయు, ఆఱుగురికి యావజ్జీవ శిక్షయు విధించి, కులపు పరువు అను సాకు హత్యకు చెల్లదని తేల్చినది. ఆలస్యమైనను, సాకును సాకుగా గుర్తించిన కొలువు అది.

మన భాషయు ఈ పాపమున పాలుపంచుకొన్నది. ఒకడు స్త్రీని హింసించినచో "మానభంగ" మందుము. భంగపడిన మానము ఎవరిది? చేసినవానిది గదా! గాయపడినది ఆమె దేహము, ఆమె స్వేచ్ఛ. ఆమె మానమునకు వచ్చిన కొఱత యేమియు లేదు. ఈ యొక్క మాట మార్చుకొన్నను, ఠాణా మెట్లెక్కుటకు వెనుకాడు ఎందఱి పాదములకో బలము వచ్చును.

ఇప్పుడు తుపాకి మాట. 2019 నవంబరు 27 రాత్రి శంషాబాదు చెంత, తొండుపల్లి టోలుగేటు కడ, ఒక యువతిని, పశువైద్యురాలిని, చెఱచి చంపి చటాన్‌పల్లి కడ దహించిరి. దేశము గగ్గోలు పెట్టినది, పెట్టవలసినదే. కాని ఆ రాత్రి ఆమె తలిదండ్రులు ఠాణాకు బోయినప్పుడు "ఇది మా పరిధి కాదు" అను మాట విని తిరుగవలసి వచ్చెను. దానికై ముగ్గురు పోలీసులు సస్పెండైరి. విరాటుని కొలువనగా నిదియే. డిసెంబరు 6 తెల్లవారుజామున నలుగురు నిందితులను పోలీసులు కాల్చి చంపిరి. జనము పూలు చల్లిరి, మిఠాయిలు పంచుకొనిరి. ఆమెను గాపాడలేని కొలువే, ఆమె ఫిర్యాదు వ్రాసికొనని కొలువే, రాత్రికి రాత్రి భీముని వేషము దాల్చెను. విరాటుడు గద పట్టినంత మాత్రమున భీము డగునా? తన తప్పు నడుగువారు లేకుండ జేసికొన్నవా డగును.

ఆ వారముననే మఱియొక స్త్రీ చంపబడినది. 2019 నవంబరు 24న ఆసిఫాబాదు జిల్లాలో, ఊరూర దిరిగి చిల్లర వస్తువులమ్ముకొని బ్రదుకు ఒక బీద దళిత వనిత. ఆమె కొఱకు నగరములలో దీపములు వెలుగలేదు; తుపాకులు మ్రోగలేదు. ప్రత్యేక న్యాయస్థానము సాక్షుల విచారించి, 2020 జనవరి 30న ఆదిలాబాదున ముగ్గురికి మరణశిక్ష విధించెను. పది వారములు దాటలేదు! ఉరిశిక్ష తగునా కాదా యను వాదము వేఱు. పూనుకొన్నచో న్యాయస్థానము చేయగలదని రుజువైనది గదా! చటాన్‌పల్లిలో ఆ యవకాశమును చంపివేసిరి. ఆ కాల్పులను విచారించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషను, చంపవలెనను నుద్దేశముతోడనే పోలీసులు కాల్చిరనియు, హతులలో ముగ్గురు పదునెనిమిదేండ్లు నిండనివారనియు తేల్చినది. ఆ నివేదిక 2022 మే 20న వెల్లడియైనది. అదే దినమున సుప్రీముకోర్టు వేఱొక కేసులో, మరణశిక్ష విధించుటకు ముందు అపరాధి మానసిక స్థితిని, పెంపకమును, చెఱసాలలోని నడతను గూర్చిన నివేదికలను తప్పక తెప్పింపవలెనని తీర్పు చెప్పెను. ఒక్కనాడే వెలువడిన ఈ రెండు పత్రములను చదువరులు ప్రక్కప్రక్కన బెట్టుకొని చదువవలెను. ఒకటి మనస్తత్త్వ శాస్త్రమునకు న్యాయస్థానమున దగిన తావు చూపుచున్నది. రెండవది శాస్త్రమును, సాక్ష్యమును, న్యాయమును మూటగట్టి పొలములో బాతిపెట్టిన తీరును జూపుచున్నది.

"కూతురిని బోగొట్టుకొన్న తల్లి యెదుట ఈ నీతులు చెప్పుడు చూతము" అని మమ్ము బ్రశ్నించువారు గలరు. ఆ తల్లి కన్నీటి యెదుట మేము మాటలాడము, తలవంచుదుము. ఏండ్లతరబడి వాయిదాలు, నూటికి మూడవ వంతు కేసులలోనైన నేరము రుజువుగాని విచారణలు. ఈ దుఃఖము మేమెఱుగుదుము. కాని అమ్మా, నీ బిడ్డను జంపినవాడు వీడేయని నీ కెవరు రుజువు చేసిరి? 2007 డిసెంబరులో విజయవాడ చెంత వసతిగృహమున చంపబడిన విద్యార్థిని తల్లి ఈ ప్రశ్ననే యడిగినది. పోలీసులు పట్టితెచ్చిన బీద యువకుడు తన బిడ్డను చంపలేదని ఆమెయే యెలుగెత్తి చెప్పెను. 2010లో వానికి శిక్షపడెను. 2017 మార్చి 31న హైకోర్టు వానిని నిర్దోషియని విడిచిపెట్టెను. వానిని 2008లోనే ఏ పొలముననో కాల్చి చంపియున్నచో మనము పూలు చల్లియుందుము. ఆ తల్లి మాట ఎవరు వినియుందురు? పాడేరు మన్యములో వాకపల్లి ఆదివాసి స్త్రీలు పదునొకండుగురు, 2007 ఆగస్టు 20న గ్రేహౌండ్సు పోలీసులు తమపై అత్యాచారము చేసిరని మొఱపెట్టిరి. పదునైదేండ్లకు పైగా దిరిగిరి. 2023 ఏప్రిలు 6న విశాఖ ప్రత్యేక న్యాయస్థానము దర్యాప్తు లోపములను దప్పుపట్టుచు, ఆ స్త్రీలకు పరిహార మిమ్మనుచు, నిందితులను విడిచిపెట్టెను. అచ్చట తుపాకి ఎవరి చేతిలో నున్నది? కంచె చేను మేసినప్పుడు కంచెకే కత్తి నిచ్చి కావలి కాయుమనుట వివేకమా?

కావున మేము కోరున దేమి? మనస్తత్త్వ శాస్త్రమును త్రోసివేయు మనుట లేదు. దానిని సరియైన చోట నిలుపు మనుచున్నాము. భయమున దేహము కొయ్యబాఱుననియు, కేక రాదనియు, బాధితురాలు నెలల తరువాత నోరు విప్పవచ్చుననియు ఆ శాస్త్రము చెప్పుచున్నది. ఎదిరింపనంత మాత్రమున సమ్మతి కాదని 2013 నాటి చట్టమును అంగీకరించినది. స్త్రీలను గూర్చిన మూఢభావములను తీర్పులనుండి తొలగించుటకు సుప్రీముకోర్టు 2023లో కైపుస్తకము ప్రకటించినది. అది అల్మారాలో నిదురింపక ప్రతి జిల్లా న్యాయమూర్తి బల్లపై నుండవలెను. ఏ ఠాణాకు బోయినను, పరిధి పేరు చెప్పక ఫిర్యాదు నమోదు చేయవలెను. చట్ట మట్లే శాసించుచున్నది. సుప్రీముకోర్టు నిషేధించిన రెండువేళ్ల పరీక్ష యే యాసుపత్రిలోను జరుగరాదు. నేరము రుజువైన పిదప, శిక్ష నిర్ణయించు వేళ, అపరాధి మనస్సును పరీక్షింపుడు. ఎట్లు అట్టివాడైనాడో తెలిసికొనుడు. తెలిసికొని, మఱియొకడు అట్లు గాకుండ బడిలోను ఇంటిలోను కట్టుదిట్టము చేయుడు. కారణము వేఱు, క్షమాపణ వేఱు. నిప్పు ఎట్లు పుట్టినదో పరిశోధించుట, కాలిన యిల్లు కాలలేదని చెప్పుటకు గాదు.

మా అల్వాలునుండి ఉత్తరముగా బొలారము, హకీంపేట దాటి శామీర్‌పేట చేరినచో అచ్చట నల్సారు న్యాయవిశ్వవిద్యాలయము గలదు. రేపటి న్యాయమూర్తులును, న్యాయవాదులును అచ్చట జదువుచున్నారు. మఱియొక ప్రక్క మేడ్చలు మీదుగా బోవు 44వ జాతీయ రహదారియే నగరమును దాటి దక్షిణమున చటాన్‌పల్లి పొలములను జేరును. నగరమునకు ఒక కొసను ధర్మశాస్త్రము, మఱియొక కొసను తుపాకి. మన బిడ్డలు ఏ కొసకు నడువవలెనో నిర్ణయింపవలసినది పఠనమందిరమున గూర్చుండిన మనమే. రేపు మరల అట్టి వార్త వచ్చినప్పుడు "మృగము" అనియు, "పిచ్చివాడు" అనియు, "ఆమె కేమి పని" యనియు నోట వచ్చిన మాటను ఒక్క క్షణ మాపి, "ఆ ఠాణాలో ఫిర్యాదు వ్రాసికొనిరా?" అని యడుగుడు. భీముని కొఱకు కేకలు వేయు నోళ్లు విరాటుని నిలదీయ నేర్చిన దినముననే ఈ దేశపు సైరంధ్రులకు నిర్భయముగా నడచు దారి యేర్పడును.